పొద్దుటి పువ్వులకు పొట్టి కాడలు

నేను రిటైరైన రోజు మా పెద్దసారు నాకు శాలువా కప్పి పది నిమిషాలు మాట్లాడారు. అందులో ఏడెనిమిది నిమిషాలు నేను ఒక ప్రోగ్రామింగ్ భాషను పరుగెత్తించిన సంగతే. అందరూ చప్పట్లు కొట్టారు, నేనూ నవ్వాను. ఆ కథలో ఆయన చెప్పని సగం ఒకటుంది. కాలేజీల వాళ్లు అప్పుడప్పుడు పిలిచి, పిల్లలకు మీ అనుభవం చెప్పండి మేడమ్ అంటారు. ఆ సగమే చెప్పాలని బయలుదేరుతాను, అక్కడికి వెళ్లాక ధైర్యం చాలక ఇంకేదో చెప్పి వచ్చేస్తాను. అందుకే ఈసారి రాస్తున్నాను. ఇందులో ఎవరి పేర్లూ ఉండవు. తప్పు ఎవరిదని వెతకనక్కర్లేదు, నాదే.

హిందూపురంలో మాది చిన్న కంపెనీ. ఊరి బయట ఒక రేకుల షెడ్డు, దాని ముందు గది ఆఫీసు. చేనేత మగ్గాల మీద పెట్టే కరెంటు జకార్డు పెట్టెలు తయారుచేసేవాళ్లం. తెలియనివాళ్ల కోసం ఒక్క మాట. పట్టుచీరలో పువ్వు రావాలంటే ప్రతి పేక, అంటే అడ్డపోగు, వేసే ముందు ఏయే నిలువు పడుగు పోగులు పైకి లేవాలో ఎవరో ఒకరు మగ్గానికి చెప్పాలి. పాతకాలంలో బెజ్జాలు కొట్టిన అట్టల దండ చెప్పేది. మా పెట్టెలో అరచేయంత బోర్డు చెప్పేది. నేతగాడు కాలితో తొక్కగానే బోర్డు ఆ వరుస లెక్కకట్టి పంపుతుంది, పోగులు లేస్తాయి, సందులోంచి పేక దారం చుట్టిన నాడె దూరుతుంది.

డిజైన్లు వేసేవాళ్లకు మామూలు కోడు రాయడం రాదు కదా అని, మా పెద్దసారు వాళ్ల మాటలతోనే ఒక చిన్న భాష తయారుచేశారు. అంచు, పువ్వు, కాడ, తిప్పు, మళ్లీ ఐదుసార్లు, ఇలాంటివే అందులోని మాటలు. ముచ్చటైన భాష. నేయడం తెలిసిన ఎవరైనా ఒక పూటలో నేర్చుకోవచ్చు. ఆ భాష నడవడానికి కావలసినదంతా ఆయన ఇంకో పెద్ద భాషలో రాశారు. అంటే బోర్డు లోపల ఒక దుబాసీ కూర్చుని, డిజైన్‌లోని ఒక్కో మాటా చదివి, అర్థం చెప్పుకుని, అప్పుడు పని చేయించేవాడన్నమాట. చీరలో ఒకే పువ్వు వెయ్యిసార్లు వస్తే, వెయ్యిసార్లూ మొదటిసారి చూస్తున్నట్టే చదివేవాడు. తప్పు చేసేవాడు కాదు గానీ, మహా నెమ్మది.

ధర్మవరంలో ఒక సావుకారి షెడ్డులో మా పెట్టెలు పెట్టిన మగ్గాలు ఉండేవి. కిటికీ పక్క మగ్గం ఒక పెద్దాయనది. అరవైకి దగ్గర పడిన మనిషి, సన్నగా, నిదానంగా ఉండేవాడు. వాళ్ల నాయన దగ్గర గుంత మగ్గం మీద నేర్చుకున్న పని. షెడ్డులో కొత్త డిజైన్ ఏది వచ్చినా మొదటి చీర ఆయన చేతే నేయించేవారు. ఆయన నేసిన గుడ్డ మీద చెయ్యి పెట్టి చూడకుండానే సావుకారి మడత పెట్టించేవాడు. ఈ పెట్టె నెమ్మది అని మొదట గొణిగింది కూడా ఆయనే.

"తొక్కితే పలకదమ్మా నీ పెట్టె. యోచన చేస్తాది. నేను దాని మొగం చూస్తా కూర్చోవల్ల. నేసేవానికి చెయ్యి ఆగితే మనసు ఆగిపోతాది" అన్నాడు.

మీరు కంప్యూటర్ ముందు కూర్చుని అర సెకను ఎంత అనుకుంటారు. నేనూ అనుకునేదాన్ని. ఆ రోజు ఆయన పక్కన పీట వేసుకుని గంటసేపు కూర్చున్నాను. తొక్కడం, ఆగడం, లేవడం, వేయడం, మళ్లీ తొక్కడం, ఆగడం. ఆ ఆగడం దగ్గర ఆయన కుడిచెయ్యి నాడె పట్టుకుని గాలిలో నిలబడిపోయేది.  దీని సంగతి తేల్చకపోతే నా చదువు దేనికని ఆ సాయంత్రం రైలులో పెనుకొండకు తిరిగొస్తూ అనుకున్నాను. మా ఇల్లు పెనుకొండలో. రోజూ ఒక దిక్కు హిందూపురం ఆఫీసుకు, మగ్గాల పని ఉన్న రోజు రెండో దిక్కు ధర్మవరానికి పోయేదాన్ని. నేనెక్కే రైలు దిగి షెడ్డు చేరేసరికి పదకొండు అయ్యేది. ఈ పదకొండు గంటల సంగతి గుర్తుపెట్టుకోండి, దానితో పని ఉంది.

నాలుగు నెలలు పట్టింది. చేసిన పని చెప్పుకుంటే మూడు మాటలే. మొదటిది, దుబాసీని తీసేశాను. డిజైన్ మొత్తాన్ని ఒక్కసారే పెద్ద భాషలోకి తర్జుమా చేసి, ఆ తర్జుమానే బోర్డు మీద పెట్టాను. ఇక చదవడం, అర్థం చెప్పుకోవడం లేదు, చేయడమే. రెండోది, 'మళ్లీ ఐదుసార్లు' అన్నచోట ఇప్పటికి ఎన్నిసార్లు అయింది అనే లెక్కను పెద్దసారు ఒక పట్టికలో రాసుకుంటూ పోయేవారు. దూరంగా ఉన్న పట్టికను ప్రతిసారీ తెరవడం ఎందుకని ఆ లెక్కను అక్కడికక్కడే చేతిలో ఉంచుకునేలా మార్చాను. మూడోది, నేతగాడు ఏ మీట నొక్కినా బోర్డు దాన్ని ఒక చిట్టాలో రాసేది. రాయడానికీ సమయం పడుతుంది. ఆ చిట్టాను తీసేశాను.

ఈ మూడో దానికి మాత్రం ఒకామె అడ్డం చెప్పింది. గోరంట్ల నుంచి రోజూ బస్సులో వచ్చేది, మా దగ్గర పరీక్షలు చేసే పని ఆమెది. నాకంటే పదిహేనేళ్లు చిన్నది. "చిట్టా తీసేస్తే రేపు ఏమన్నా అయితే ఎవుర్ని అడగల్ల మేడమ్?" అంది. ఏమీ కాకుండా చూడటమే నీ పని కదా అన్నాను. నలుగురిలో అన్నాను. ఆమె తలవంచుకుని పోయింది. నాకు నోటిదురుసు ఎప్పుడూ ఉంది, రిటైరయ్యాక కూడా తగ్గలేదని మా ఇంట్లోవాళ్లు అంటారు.

పరీక్షలు గట్టిగానే చేశాం. పాత దుబాసీతో ఒక చీర మొత్తం, కొత్త పద్ధతిలో అదే చీర మొత్తం నడిపి, వరుసకు వరుస పోల్చాం. ఒక్క పోగు తేడా లేదు. పేకను ఊడదీయాల్సి వస్తే నొక్కే 'వెనక్కి' మీట కూడా చూశాం. పువ్వు మధ్యలో ఒక అడుగు వెనక్కి వేసి, ముందుకు వచ్చాం. సరిపోయింది. అంతకంటే ఎక్కువ వెనక్కి ఎవరు పోతారు అనుకున్నాం.

కొత్తది ఎక్కించిన రోజు పెద్దాయన తొక్కాడు, తొక్కగానే పోగులు లేచాయి. ఆయన ఉలిక్కిపడి కాలు తీసేశాడు. మళ్లీ తొక్కాడు. తర్వాత ఆగకుండా ఒక పువ్వు మొత్తం నేసి, నావైపు తిరిగి, "ఇప్పుడు నా కాలు కన్నా ముందుండాది ఇది" అన్నాడు. షెడ్డంతా నవ్వింది. నా ఉద్యోగంలో అంత సంతోషం ఇంకెప్పుడూ పడలేదు. అందుకే ఆ తర్వాతి సంగతి మింగుడుపడదు.

మూడు నెలలకు సావుకారి ఫోన్ చేశాడు. వెంటనే రమ్మన్నాడు. పోయేసరికి షెడ్డు ముందు గదిలో చాప మీద మూడు చీరలు పరిచి ఉన్నాయి. పెళ్లికని చేయించిన చీరలు. కొన్న వ్యాపారి తిప్పి పంపాడు. మడత పెడితే పువ్వు మీద పువ్వు కూర్చోవాలి, కొన్నిచోట్ల కూర్చోలేదు. నేను వేళ్లతో లెక్కపెట్టాను. పువ్వు కింది కాడ నాలుగు పేకల ముక్క, అది ఐదుసార్లు రావాలి. చాలా వరుసల్లో ఐదుసార్లే ఉంది. కొన్ని వరుసల్లో నాలుగే ఉంది. కాడ పొట్టిబారి, ఆ వరుస పువ్వులన్నీ కిందికి దిగాయి.

మూడు చీరలూ పెద్దాయన మగ్గం మీదవే. అదే డిజైన్, అదే పెట్టె ఉన్న మిగతా మగ్గాల మీద ఒక్క పొట్టి కాడ కూడా లేదు.

ఆయన్ను పిలిచారు. వచ్చి చాప అంచున గొంతుకూర్చున్నాడు. చీరను కళ్లకు దగ్గరగా పట్టుకుని చాలాసేపు చూశాడు. తర్వాత ఆయనే ఒక సంగతి చెప్పాడు. పొట్టి కాడల మధ్య దూరం చూస్తే, సుమారుగా ఒక్కో రోజు నేత ఎంతో అంత ఉందట. "ఇవన్నీ పొద్దున మొదట నేసిన వరుసలమ్మా. ప్రతి పొద్దున మొదటి పువ్వే పోయింటాది" అన్నాడు.

ఇప్పుడు వెనక్కి చూస్తే, ఆయన నా చేతికి తాళంచెవి ఇచ్చాడు. నిజాయతీగా, తనకు నష్టమని తెలిసీ ఇచ్చాడు. నేను దానితో ఏం చేశానో చూడండి. "మిషన్‌కు పొద్దునా సాయంత్రమా అనే తేడా ఉండదు కదా పెద్దాయనా. తేడా ఉండేది మనిషికే" అన్నాను. సావుకారి తల ఊపాడు. పొద్దున్నే షెడ్డులో వెలుతురు సరిగా ఉండదు, వయసు మీద పడింది, కళ్లు తేరుకోవడానికి సమయం పడుతుంది, కాడలో ఒక ముక్క దాటేసి ఉంటాడు అన్నాడు. ఎలా దాటేస్తాడు, వరుసలు పంపేది బోర్డే కదా అని నేను అడగాలి. అడిగాను కూడా, కానీ పెద్దాయన్ను అడిగాను.

"తప్పు పడినప్పుడు వెనక్కి మీట గానీ నొక్కి, సరిగా లెక్క చూసుకోలేదా?"

"నాకు తప్పు పడితే గదమ్మా" అన్నాడు. ఆ మాట గొప్పకు చెప్పింది కాదు. ఉన్నమాట. అడిగినదానికి జవాబు. నేనే అహంకారం అనుకున్నాను.

బ్యాగులోంచి బోర్డు తీసి, ల్యాప్‌టాప్‌కు తగిలించి, చీర మొదటి పేక నుంచి చివరి పేక దాకా అందరి ముందూ నడిపించాను. ప్రతి కాడ దగ్గరా ఆపి లెక్క చూపించాను. ఐదు, ఐదు, ఐదు. పెద్దాయన్ను దగ్గరికి పిలిచి, మీరే లెక్కపెట్టండి అన్నాను. ఆయన వేలు తెర మీద పెట్టి లెక్కపెట్టాడు. ఒకటి కాదు, పది పువ్వులు లెక్కపెట్టించాను. తాను పట్టిన కుందేటికి మూడే కాళ్లు అన్నట్టు, ఆ గదిలో ఇంకో ఆలోచనకు చోటు లేకుండా చేశాను. చిట్టా ఉండి ఉంటే ఐదు నిమిషాల్లో నిజం తెలిసేది. చిట్టా లేదు.

ఆయన వేలు తీసేసి, కాసేపు తన చేతుల వైపు చూసుకున్నాడు. "అట్లయితే నా కన్నే అయ్యింటాదిలేమ్మా" అన్నాడు.

ఎవరూ ఆయన్ను తిట్టలేదు. సావుకారి చెడ్డవాడు కాదు. కొన్నాళ్లు సాదా గుడ్డ నెయ్యి, పువ్వుల పని వద్దు అన్నాడు. నలభై ఏళ్లుగా మొదటి చీర నేసిన మనిషికి సాదా గుడ్డ ఇవ్వడమంటే ఏమిటో సావుకారికి తెలుసు, ఆయనకూ తెలుసు.  ఆ వారంలోనే పెద్దాయన మగ్గం దిగిపోయాడు. కళ్ల డాక్టరు దగ్గరికి పోతే వయసుకు తగ్గట్టే ఉన్నాయి, పర్వాలేదు అన్నాడట. ఆ మాట ఆయన నమ్మలేదని తర్వాత విన్నాను. డాక్టరుకు పోగులు ఏం తెలుసు అన్నాడట.

ఆయన మగ్గం మీద ఇంకొకాయన్ను కూర్చోబెట్టారు. అదే బోర్డు, అదే డిజైన్. మరుసటి చీరలో ఒక్క పొట్టి కాడ లేదు. సావుకారి ఫోన్ చేసి చెప్పాడు. నాకు మనసు తేలికైంది. సిగ్గుగా ఉంది గానీ రాస్తున్నాను, నిజంగానే తేలికైంది. గోరంట్ల ఆమెకు కూడా వినిపించేలా, చూశావా, పెట్టెలో ఏమీ లేదు అన్నాను.

ఏడాదిన్నర గడిచింది. ధర్మవరంలో మా బంధువుల ఇంట్లో పెళ్లి. రాత్రి అక్కడే పడుకున్నాను. పొద్దున్నే లేచాక, ముహూర్తానికి ఇంకా సమయం ఉంది కదా అని, ఆ వీధి చివర మా పెట్టెలు తీసుకున్న ఇంకో షెడ్డు ఉంటే చూసొద్దామని నడిచాను. అప్పుడు ఆరున్నర అయి ఉంటుంది. ఇన్నేళ్ల ఉద్యోగంలో మగ్గం మీద రోజు మొదలవడం నేను ఒక్కసారి కూడా చూడలేదు. నేను పోయేది ఎప్పుడూ పదకొండుకే కదా.

లోపల ఒకామె అప్పుడే వచ్చి మగ్గానికి దండం పెట్టి కూర్చుంటోంది. చూడగానే గుర్తుపట్టాను, పెద్దాయన భార్య. మధ్యాహ్నాలు ఆయనకు బువ్వ తెచ్చేటప్పుడు ఆ షెడ్డులో చూసేదాన్ని. ఆమె నన్ను చూసి తల ఊపింది, నవ్వలేదు. నేను గుమ్మం దగ్గరే నిలబడ్డాను. ఆమె నాడె ముట్టుకోలేదు. ముందు నిన్న సాయంత్రం వేసిన చివరి పేకను వేలితో పైకి లాగి ఊడదీసింది, 'వెనక్కి' మీట నొక్కింది. ఇంకో పేక తీసింది, నొక్కింది. మొత్తం నాలుగు. తర్వాత పడుగు బిగించి, ఆ నాలుగూ కొత్తగా వేసింది.

తప్పు పడిందా అని అడిగాను. ఆమె నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూసింది.

"తప్పేముండాది ఇందులో. రాత్రంతా పడుగు సడలింటాది. నిన్నటి పేక మీదనే మొదలుపెడితే గుడ్డలో గీత పడ్తాది. మా ఆయన పద్ధతి ఇది. ఆయనకు వాళ్ల నాయన నేర్పినాడు" అంది.

మరి సరిగ్గా పువ్వు మొదట్లోనే ఎందుకు ఆపావని అడిగాను. అదీ వాళ్ల పద్ధతేనట. సాయంత్రం పువ్వు పూర్తిచేసి లేవకూడదు. పని ముగించుకుని లేస్తే మగ్గం కూడా పని ముగించుకుంటుందని వాళ్ల నమ్మకం. అందుకని పువ్వు పూర్తయ్యాక తర్వాతి పువ్వు కాడ నాలుగు పేకలు వేసి, అప్పుడు లేస్తారు. పొద్దున ఆ నాలుగే తీసి మళ్లీ వేస్తారు. షెడ్లలో మిగతావాళ్లు ఎప్పుడో మానేశారు. ఆ ఇంట్లో మాత్రం మానలేదు.

 బోర్డు లోపల ఏం జరిగి ఉంటుందో ఒక్కసారిగా మొత్తం కనిపించింది. సాయంత్రం కాడలో మొదటి నాలుగు పేకలు పడ్డాయి, 'మళ్లీ' లెక్క ఒకటి అయింది. పొద్దున నాలుగూ వెనక్కి తీశారు. పెద్దసారి నెమ్మది దుబాసీ అయితే పట్టిక చూసుకుని లెక్కను కూడా సున్నాకు తెచ్చేవాడు. నా వేగమైన తర్జుమా వరుసను వెనక్కి తెచ్చింది, చేతిలో ఉంచుకున్న లెక్కను తేలేదు. ఒకటి అయిపోయిందనే అనుకుంది. ఇంకో నాలుగుసార్లు వేసి కాడ అయిందంది. పువ్వు మధ్యలో ఒక అడుగు వెనక్కి వేస్తే ఇది బయటపడదు. 'మళ్లీ' మొదలును దాటి వెనక్కి పోతేనే పడుతుంది. ఊళ్లో అందరికంటే శ్రద్ధగా నేసే మనిషి మగ్గం మీద, ప్రతి పొద్దునా తప్పకుండా పడుతుంది. తప్పు పడినప్పుడు నొక్కారా అని అడిగాను నేను. ఆయన దృష్టిలో అది తప్పు దిద్దుకోవడం కాదు, పొద్దున్నే మొహం కడుక్కోవడం లాంటిది. దాన్ని ఎవరైనా చెప్తారా?

ఆమె నేస్తూనే ఉంది. కాడ పూర్తయింది. నేను లెక్కపెట్టాను. నాలుగే.

"నీకూ పొట్టి కాడలు వస్తున్నాయా?" అన్నాను.

ఆమె చెయ్యి ఆపింది. ఈ షెడ్డులో చేరి పది రోజులే అయిందట, ఇంకా ఎవరికీ చెప్పలేదట. "ఇంట్లో ఇద్దరి కండ్లూ పోయినాయేమో అనుకుంటాండా" అంది.

ఆ పొద్దున ఆమెకు అంతా చెప్పాను. కోడు సంగతి కాదు, తప్పు నా పెట్టెలో ఉందని, మీ ఇద్దరి కళ్లల్లో లేదని. ఆమె అరవలేదు. నాడె పక్కన పెట్టి, కొంగుతో చేతులు తుడుచుకుంది. ఆయన రొద్దం దగ్గర పల్లెలో తమ్ముని ఇంట్లో ఉంటున్నాడని, తమ్ముని గొర్రెలు మేపుతున్నాడని చెప్పింది. ధర్మవరంలో ఉంటే ఏ ఇంటి ముందు పోయినా మగ్గం చప్పుడు వినిపిస్తుందని వెళ్లిపోయాడట. "నువ్వే పోయి చెప్పల్ల. నేను చెప్తే నమ్మడు. ఆ పొద్దు అందరి ముందర చూపించింది నువ్వే గదా" అంది.

పెళ్లి చూడకుండానే హిందూపురం పోయాను. దిద్దడానికి పట్టింది ఒక్క పూట. వేగం ఏమాత్రం తగ్గలేదు. ఆ లెక్కను వెనక్కి తేవడానికి పట్టే సమయం మనిషి గమనించగలిగింది కాదు. నాలుగు నెలలు నేను పీకులాడి మిగిల్చిన సమయంలో అది ఏ మూలకూ రాదు. చిట్టాను కూడా తిరిగి పెట్టాను. గోరంట్ల ఆమె నా పక్కన కూర్చుని కొత్త పరీక్షలు రాసింది. నేను ముందే చెప్పాను కదా అని ఒక్క మాట అనలేదు. అని ఉంటే బాగుండేది.

పెద్దసారికి చెప్పాను. ఆయన విని, దిద్దావు కదా, అన్ని పెట్టెలకూ పంపించు, పాత చీరల సంగతి ఇప్పుడు ఎవరూ అడగడం లేదు, మనమే పోయి కెలకడం ఎందుకన్నారు. నేను సావుకారికి ఫోన్ చేసి నిజం చెప్పాను. ఆయన ఔనా అన్నాడు. పాపం అన్నాడు. పిలిపిస్తాను, వస్తే మగ్గం ఇస్తాను అన్నాడు. అంతవరకు బాగానే జరిగింది. కానీ రొద్దం పోవడానికి నాకు పదకొండు రోజులు పట్టింది. పని ఉందని నాకు నేను చెప్పుకున్నాను. పెనుకొండ నుంచి రొద్దానికి బస్సులో గంట కూడా పట్టదని మా వైపు వాళ్లకు తెలుసు. భయపడ్డాను, అంతే.

పల్లెలో ఎవరిని అడిగినా చెప్పారు. ఊరి బయట గట్టు మీద కూర్చుని ఉన్నాడు, కింద గొర్రెలు. నన్ను చూసి లేచి నిలబడ్డాడు. ఇంత ఎండలో వచ్చినావేమ్మా అని, ముందు ఇంటికి తీసుకుపోయి మజ్జిగ ఇప్పించాడు. నేను వచ్చిన పని చెప్పాను. పొద్దున తీసే నాలుగు పేకలు, వెనక్కి మీట, మళ్లీ లెక్క, అన్నీ చెప్పాను. ఆయన శ్రద్ధగా విన్నాడు. మధ్యలో అడ్డం రాలేదు. నేను ఏడ్చాను కూడా. ఆయన నాకు ధైర్యం చెప్పాడు.

"నువ్వు మంచిదానివమ్మా. నేను మనసు కష్టపెట్టుకుంటానని ఇంత దూరం వచ్చినావు. మా ఇంటిది చెప్పి పంపించింటాది. నాకు ఈడ ఏం తక్కువ లేదు" అన్నాడు.

కాదు పెద్దాయనా, ఇది ఓదార్పు కాదు, నిజంగానే తప్పు నాది అన్నాను. ల్యాప్‌టాప్ తెరిచాను. పాత తర్జుమాను నడిపి, నాలుగు పేకలు వేసి, నాలుగు వెనక్కి తీసి, కాడ నాలుగే రావడం చూపించాను. దగ్గరికి రండి, మీరే లెక్కపెట్టండి అన్నాను. ఆయన తెర వైపు తల తిప్పలేదు.

"నాకు అగపడదులేమ్మా. ఆ పొద్దు గూడా నువ్వు ఇట్లనే చూపించినావు. ఐదే ఉండె. నా వేలితో నేనే లెక్కపెట్టినా. అది ఎట్ల అబద్ధమైతాది?"

నేను అబద్ధం చెప్పానని ఆయన అనడం లేదు. ఆ రోజు నేను చూపించింది నిజమని నమ్మాడు, అంత గట్టిగా నమ్మాడు. ఇప్పుడు చెబుతున్నది మాత్రం జాలి అనుకున్నాడు. సావుకారి మగ్గం ఇస్తానంటున్నాడని చెప్పాను. మళ్లీ ఒకరి చీర చెడగొట్టలేనమ్మా అన్నాడు. ఇంకా ఏవేవో చెప్పాను. చివరికి ఆయన తమ్ముడి భార్య, బస్సు పోతుందమ్మా, ఇంక బయలుదేరండి అని సున్నితంగా నన్ను లేపింది.

రోడ్డు దాకా ఆయన కూడా వచ్చాడు. వేపచెట్టు కింద నిలబడ్డాం.  రోడ్డు తిన్నగా చాలా దూరం కనిపిస్తోంది, నాకు మాత్రం దుమ్ము తప్ప ఏమీ కనబడలేదు. ఆయన చెయ్యి అడ్డం పెట్టుకుని చూసి, "పెనుకొండ బస్సు కాదమ్మా అది, పావగడదీ. కన్నడ బోర్డు. దాని వెనకది నీది" అన్నాడు. కళ్లద్దాలు తుడుచుకుని చూశాను. బస్సు అనే ఆనవాలు కూడా నాకు తెలియలేదు. రెండు నిమిషాలకు మొదటిది మా ముందునుంచి పోయింది. పావగడ బస్సే, కన్నడ బోర్డే.

చూశారా పెద్దాయనా, మీ కళ్లకు ఏమైంది అన్నాను. 

"బస్సు చూసేదానికేమమ్మా, ఎవురికైనా అగపడ్తాది. పోగు అగపడల్ల గదా" అన్నాడు. చెయ్యెత్తి నా బస్సు ఆపాడు.